బరువు బన్ను

క్లెమెంట్ రిక్స్ గారి కార్ల షెడ్డులో టీ బల్ల మీద, పంచదార డబ్బా పక్కన, ఒక ఇత్తడి తక్కెడ ఉండేది. పట్నంలో ఎవరో మాంసం కొట్టు మూసేస్తుంటే రిక్స్ కొని తెచ్చుకున్నాడు. ఒకప్పుడు గొర్రె కాళ్ళు పడుకున్న పళ్ళెంలో ఇప్పుడు బోల్టులూ, తలుపు పిడులూ, బ్రేకు పెడళ్ళూ పడుకునేవి. కారుకి కొత్తగా ఏ ముక్క తయారైనా ముందు ఆ పళ్ళెం ఎక్కాల్సిందే. బరువెంతో వెనక గోడ మీద సుద్దతో రాసేవారు. అనుకున్నదానికన్నా తేలిగ్గా వస్తే, చేసినవాడికి ఆ పూట టీ రిక్స్ స్వయంగా కలిపి చేతికిచ్చేవాడు. బరువుగా వస్తే మాత్రం ఆ మనిషి సైకిలు తొక్కుకుంటూ ఊళ్ళోకి పోయి, షెడ్డులో ఉన్న అందరికీ ఎండుద్రాక్ష బన్నులు పట్టుకురావాలి.

వాటికి బరువు బన్నులని పేరు. తెచ్చినవాడు తలొంచుకునే ఉండేవాడు గానీ తినేవాళ్ళకేం, లొట్టలేసుకుంటూ తినేవారు. రిక్స్ మటుకు వాటిని ముట్టుకునేవాడు కాదు. పన్నెండేళ్ళలో ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు. నల్లటి టీ తాగుతూ, బన్ను తింటున్నవాళ్ళని పంది మాంసం వాసన తగిలిన సన్యాసిలా చూసేవాడు.

మనిషి కూడా అలాగే ఉండేవాడు, ఎండు చేపలాగ. భార్య ప్రేమగా చేసిన కేకు తిని, "బావుంది, కానీ ఇందులో సగంతో పనైపోయేది" అన్న ఘనుడు. అలాగని పిచ్చివాడనుకునేరు. ఆయన మాటలో నిజం ఉండేది. "కారులో పనికిరాని బరువొకటి ఎక్కిందంటే దానికి మూడుసార్లు కూలి ఇచ్చుకోవాలి. కదిలించడానికి ఇంజను ఇవ్వాలి. ఆపడానికి బ్రేకులు ఇవ్వాలి. మలుపులో పట్టుకోడానికి టైర్లు ఇవ్వాలి. ఇంతా చేసి అదేం చేస్తుంది? ఊరికే కూర్చుంటుంది" అనేవాడు. షెడ్డులో అందరూ ఆయన్ని గవర్నరు అని పిలిచేవారు. తిట్టుకునేటప్పుడు కూడా అదే మాట.

అది ఇంగ్లీషువాళ్ళ దేశంలో, నార్ఫోక్ జిల్లాలో, యుద్ధం నాటి విమానాల స్థావరం. యుద్ధం అయిపోయి పదిహేనేళ్ళు దాటింది. బాంబర్లు ఎగిరిన రన్‌వే మీద ఇప్పుడు బీటు దుంపల లారీలు అడ్డంగా పోతున్నాయి. విమానాలు దాచిన పాత షెడ్డులో రిక్స్ పందెం కార్లు చేస్తున్నాడు. ఆ ఏడు వాళ్ళు చేస్తున్న కారు పేరు రెన్. రెన్ అంటే ఆ దేశంలో పొదల్లో తిరిగే బుల్లి పిట్ట. గుప్పిట్లో పడుతుంది, గొంతు విప్పితే తోటంతా వినపడుతుంది.

ఆ కారు చట్రాన్ని ఒక్కసారి చూస్తే చాలు, దానికి దణ్ణం పెట్టాలనిపించేది. సన్నటి ఉక్కు గొట్టాలతో అల్లిన పంజరం. ప్రతి మూలా త్రికోణమే. ఒక్క గొట్టానికి కూడా వంగే పని లేదు; అయితే లాగబడాలి, లేకపోతే నెట్టబడాలి. అలా అయితేనే సన్న గొట్టం కూడా ఏనుగు బలం చూపిస్తుంది. సీటు వెనకాల రేకు, వీపుకి ఆసరాగా ఉంటూనే చట్రం మెలిపడకుండా బిగించి పట్టేది. ఇలా ఒక్కో ముక్కకి రెండేసి ఉద్యోగాలు. సీటు జరగదు, కాళ్ళ దగ్గరి పెడళ్ళే జరుగుతాయి. జరిగే సీటుకి పట్టాలు కావాలి, పట్టాలంటే బరువు. పైన కప్పే ఫైబర్‌గ్లాసు తొడుగుని ఇద్దరు మనుషులు పరుపు ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టేవారు. వెల్డింగు చేసే హొరేస్ గాట్స్ అరవయ్యేళ్ళవాడు, ఉత్త చట్రాన్ని నిచ్చెనలా భుజాన వేసుకుని షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరికి ఈల వేసుకుంటూ నడిచేవాడు.

ఈ కారు వెనక చక్రాల అమరిక గీసింది ఈనిడ్ లార్వుడ్.

ఈనిడ్‌కి ముప్పై ఆరేళ్ళు. యుద్ధంలో విమానాల ఫ్యాక్టరీలో ట్రేసర్‌గా చేరింది. ట్రేసర్ పనంటే ఎవరో పెన్సిలుతో గీసిన బొమ్మ మీద పల్చటి గుడ్డ పరిచి, అవే గీతల్ని సిరాతో దిద్దడం. అంతే. గీత తప్పని కళ్ళకి కనపడుతున్నా దిద్దాల్సిందే. అలా పదహారేళ్ళు ఇతరుల గీతల మీదే చెయ్యి నడిపింది. రిక్స్ దగ్గర చేరాక ఒకరోజు ఇక ఉండబట్టలేక, "సార్, ఈ గొట్టం ఏ పనీ చెయ్యడం లేదు. ఊరికే కూర్చుంది" అంది. రిక్స్ చూశాడు. లెక్క కట్టాడు. గొట్టం పీకించేశాడు. ఆ రోజు ఈనిడ్‌కి ఆయన చేతి టీ దొరికింది. రెన్ మొదలుపెట్టినప్పుడు వెనక భాగం మొత్తం ఆమెకే అప్పగించాడు.

"మిస్ లార్వుడ్, ఇది నిలబడితే డిజైను బల్ల మీకిస్తా. బొమ్మల కింద మీ పేరే ఉంటుంది. నిలబడకపోతే మళ్ళీ ట్రేసింగే. మూడో మాట లేదు" అన్నాడు.

ఆ బల్ల కోసం ఈనిడ్ ఏడు నెలలు కష్టపడింది. చక్రాన్ని పట్టుకునే కడ్డీలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, గతుకు తగిలినప్పుడు ఆ దెబ్బ ఏ గొట్టంలోంచి పాకి ఎక్కడ చల్లారాలో కళ్ళు మూసుకుంటే కనపడేంతవరకూ గీసింది, చెరిపింది. అన్నిటికన్నా ముద్దొచ్చేది ఆ కడ్డీని చట్రానికి తగిలించే ఉక్కు ముక్క. చెవి ఆకారంలో ఉంటుంది కనుక అందరూ చెవి అనేవారు. కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి. గాట్స్ వాటిని తయారు చేసి తక్కెడలో పెట్టిన రోజు పళ్ళెం గాలిపటంలా లేచింది. రిక్స్ లేచి టీ పెట్టాడు.

చట్రం ఇంకా పూర్తి కాలేదు కనుక చెవుల జతని టీ బల్ల పక్కన మేకుకి తగిలించారు. వారం రోజులు అక్కడే వేలాడింది. వచ్చిన చిక్కల్లా అక్కడే వచ్చింది.

ఆ షెడ్డులో ఇంకో ఆచారం ఉంది. చెప్పి తగ్గించిన బరువు ఒక ఎత్తు, చెప్పకుండా తగ్గించిన బరువు ఒక ఎత్తు. కారు పూర్తయ్యాక దాన్ని ఊళ్ళో ధాన్యం వర్తకుడి కాటా మీదికి ఎక్కించేవారు. గోడ మీది సుద్ద లెక్కలన్నీ కూడితే వచ్చే బరువు కన్నా కాటా తక్కువ చూపించిందంటే, ఎవరో ఎక్కడో గుట్టుగా కాస్త తగ్గించారన్నమాట. ఎవరని అడగకూడదు, నేనని చెప్పకూడదు. చెప్పుకోవడం చౌకబారుతనం. గుప్తదానం లాంటిది అది. ఏప్రిల్ నెలాఖరున రెన్‌ని కాటా ఎక్కించినప్పుడు, ముల్లు సుద్ద లెక్క దాకా వెళ్ళకుండా బాగా ఇవతలే ఆగిపోయింది. రిక్స్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. గాట్స్ మీసం సవరించుకుంటూ అటు తిరిగి నవ్వుకున్నాడు. కారు నడిపే హార్వీ మిండమ్ ఇటు తిరిగి నవ్వుకున్నాడు. ఎవరి గర్వం వాళ్ళది. ఈనిడ్ కూడా నవ్వుకుంది.

మర్నాడు హార్వీ రన్‌వే మీద కారు నడిపాడు. ఇద్దరు పిల్లల తండ్రి, నోరు ఎప్పుడూ ఊరుకోని మనిషి. మొదట్లో అంతా పండగే. బుల్లి ఇంజను తేనెటీగలా పాడుతోంది. మలుపు దగ్గర మిగతా కార్లు బ్రేకు వేసే చోటు దాటిపోయి, ఇంకా పోయి, ఇక అయిపోయాడనుకున్నప్పుడు వేస్తున్నాడు. కారు ఒంగకుండా, అరవకుండా, చెయ్యి తిప్పినట్టు తిరుగుతోంది. చూస్తూ చూస్తూ ఈనిడ్ రన్‌వే అంచు దాకా వచ్చేసింది. తను గుడ్డ మీద గీసిన గీత అక్కడ గాలిలో పరిగెడుతోంది మరి.

మధ్యాహ్నానికి హార్వీ కారు ఆపి దిగొచ్చాడు.

"వెనక కుడి చక్రం నా మాట వినట్లేదు. ఇంతకుముందు బానే ఉంది, ఇప్పుడు అత్తారింటికొచ్చిన అల్లుడిలా అలుగుతోంది" అన్నాడు.

గాట్స్ పాక్కుంటూ కారు కిందికి దూరాడు. కుడి చెవికి కిరసనాయిలు పూశాడు, గుడ్డతో శుభ్రంగా తుడిచాడు, పైన సుద్ద రుద్దాడు. ఎక్కడైనా బీట ఉంటే అందులో దాక్కున్న కిరసనాయిలు సుద్దని తడిపి తన గుట్టు తనే బయటపెడుతుంది. అందరూ వంగి చూస్తుండగా తెల్లటి సుద్ద మీద వెంట్రుకంత గీత మెల్లగా తేలింది.

ఇంకో నాలుగు చుట్లు తిరిగి ఉంటే ఆ చెవి తెగి, చక్రం ఊడి, హార్వీ దుంప చేలో తలకిందులై ఉండేవాడు.

రిక్స్ మొహం సున్నం కొట్టినట్టయింది. కోపమొస్తే ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది.

"తొమ్మిది రోజుల్లో పందెం. గీతలు అందంగా ఉన్నాయని మురిసిపోయాను, నాదే బుద్ధి తక్కువ. రేపట్నించి మీరు ట్రేసింగుకి వెళ్ళండి మిస్ లార్వుడ్. వెనక భాగం నేను చూసుకుంటా."

ఈనిడ్ బీటవారిన చెవిని విప్పించి పట్టుకుని తన గదిలోకి వెళ్ళింది. ఏడవలేదు. ఏడుపు రానందుకు కాదు, లెక్కలు తడిసిపోతాయని. మొదటి నుంచి చివరి దాకా అన్నీ మళ్ళీ కట్టింది. ఒక్కచోట మటుకు ఆమె పెన్సిలు ఆగింది. ఆ చోటు సంగతి ఆమెకి ముందే తెలుసు. కానీ ఆ ఒక్క తప్పుకే మొదటిరోజే బీట వారకూడదు. లెక్క ఒప్పుకోవడం లేదు. విసుగొచ్చి, బల్ల మీద సుద్దా మట్టీ మెత్తుకుని ఉన్న చెవిని తీసి అరచేతిలో పెట్టుకుంది.

ఏడు నెలలు ఆ చెవినే మోసిన చెయ్యి అది. తేడా ఇట్టే పట్టేసింది.

టీ గంట కొట్టగానే ఈనిడ్ నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, పంచదార డబ్బా జరిపి, ఒక పళ్ళెంలో చెవిని పెట్టింది. రెండో పళ్ళెంలో, గోడ మీద సుద్దతో రాసి ఉన్నంత బరువుకి రాళ్ళు వేసింది. రాళ్ళ పళ్ళెం ఠంగుమని బల్లకి కొట్టుకుంది. చెవి పళ్ళెం పైకి లేచి ఊగుతూ ఉండిపోయింది.

"ఇది నేను గీసిన చెవి కాదు. దీంట్లో పావు వంతు ఎవరో తినేశారు" అంది.

అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం లేవు. గాట్స్ కప్పులోకి చూస్తున్నాడు. హార్వీ కప్పు కేసి, అంటే షెడ్డు కప్పు కేసి, చూస్తున్నాడు. చివరికి హార్వీయే నోరు విప్పాడు.

"రెండే రెండు బెజ్జాలు. చిటికెన వేలు కూడా పట్టదు. డ్రిల్లు ఊరికే ఉంది, నేనూ ఊరికే ఉన్నా..."

"ఆ బెజ్జాలు నువ్వేశావురా సన్నాసీ!" గాట్స్ అదిరిపడ్డాడు. "నేను చేసిచ్చాక ఈ పిల్లే వేయించిందనుకున్నా! అమ్మో, భలే ఆలోచన, ఇంత చేసిన పిల్ల అంచులు లావుగా వదిలేసిందేవిటా అని నేను కాస్త..."

"మీరు కాస్త?" అంది ఈనిడ్.

"ఆకురాయి పెట్టా. రవ్వంతేనమ్మా. గోరంత."

"ఎవరి గోరు గాట్స్ గారూ, ఎలుగుబంటిదా?" అన్నాడు హార్వీ.

ఈనిడ్ చెవిని వెలుతురులో తిప్పి చూసింది. "బెజ్జాలు తెలిశాయి, అంచులు తెలిశాయి. మరి ఈ మొహం? దీన్ని గరుకు కాగితం పెట్టి అద్దంలా రుద్దారు. ఇదెవరు?"

"నా ఒట్టు, నేను మొహం జోలికి పోలేదు" అన్నాడు గాట్స్. "నేనూ పోలేదు" అన్నాడు హార్వీ.

రిక్స్ తన టీని చెంచాతో తిప్పుతున్నాడు. ఆయన టీలో పంచదార వేసుకోడు. వేసుకోనివాడికి తిప్పడమెందుకని గాట్స్ ముందు అటు చూశాడు, తర్వాత హార్వీ చూశాడు, ఆ తర్వాత షెడ్డంతా చూసింది.

"ఆదివారం," అన్నాడు రిక్స్ కప్పులోకి చూస్తూనే. "చర్చి నుంచి వచ్చేటప్పుడు ఊరికే ఇలా వచ్చాను. కారు మొత్తంలో ఇదొక్కటే బొద్దుగా కనపడింది. అరగంట... గంట రుద్ది ఉంటాను."

తిలాపాపం తలా పిడికెడు. ముగ్గురికి ముగ్గురూ ప్రేమతోనే చేశారు, ఒకరికి తెలియకుండా ఒకరు, పుణ్యం మూటగట్టుకుంటున్నామనుకుని చేశారు. లోకంలో ఇంకే కార్ల షెడ్డులోనూ జరగని తప్పు అది. ఇంకెక్కడైనా అయితే ముక్క లావెక్కుతుంది గానీ తగ్గదు. ముందు నవ్వింది హార్వీయే. పోబోయిన ప్రాణం వాడిది కనుక నవ్వే హక్కూ వాడిదే. తర్వాత షెడ్డంతా నవ్వింది.

రిక్స్ నవ్వలేదు గానీ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "సరే. మిస్ లార్వుడ్ గీత తప్పు కాదు. గాట్స్, గీతలో ఉన్నది ఉన్నట్టు కొత్త జత చెయ్యి. ఈసారి ఎవడైనా ముట్టుకున్నాడంటే వేలు కోసి తక్కెడలో పెడతా."

అక్కడితో ఊరుకుంటే ఈనిడ్ గెలిచినట్టే. నింద పోయింది, బల్ల దక్కినట్టే. కప్పు తీసుకుని ఓ గుక్క తాగితే సరిపోయేది. కానీ ఎదురుగా హార్వీ ఇంకా నవ్వుతున్నాడు, మెడ వెనక్కి వాల్చి. ఆ మెడ కేసి చూస్తే ఆమెకి ఆ గుక్క దిగలేదు.

"ఉన్నది ఉన్నట్టు వద్దు సార్" అంది.

"అంటే?"

"నా లెక్క అడిగిన రేకు ఇంకో సైజు మందం. నేను ఒక సైజు తగ్గించి గీశాను. ఆ పళ్ళెం లేస్తుంటే చూడాలని, మీరు లేచి టీ పెడుతుంటే చూడాలని తగ్గించాను. మీరు ముగ్గురూ తిన్నది తర్వాత. మొదటి ముద్ద నాదే."

షెడ్డులో నవ్వు ఆగిపోయింది. రిక్స్ చెంచా కింద పెట్టాడు.

"బరువు పెంచుతానంటారు. నా కారుకి."

"కారుకి కాదు సార్, చెవికి. మిగతా కారంతా ఇంత సన్నగా ఉందంటే దెబ్బలన్నీ వచ్చి చేరేది దీని దగ్గరికే. ఇంట్లో అందరూ సన్నబడొచ్చు గానీ మోసేవాడు సన్నబడకూడదు. మీకు నచ్చకపోతే రేపట్నించి ట్రేసింగు చేస్తా. కానీ తగ్గించిన చెవిని మాత్రం నా చేత్తో దిద్దను."

"ఎంత?"

"ఒక్కోదానికి మూడు ఔన్సులు."

రిక్స్ తక్కెడ కేసి చూశాడు. ఆయన పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. పన్నెండేళ్ళలో బరువు పెంచమని ఆయన మొహం మీద అడిగిన మనిషి లేదు. పెరిగితే తలొంచుకుని బన్నులు తెచ్చేవారు, అంతే.

"చేసుకోండి. బన్నుల సంగతి తెలుసుగా?" అని లేచి వెళ్ళిపోయాడు.

నార్ఫోక్ గాలికి ఎదురు సైకిలు తొక్కడమంటే గోడని నెట్టడమే. ఈనిడ్ స్కార్ఫు బిగించుకుని ఊళ్ళోకి తొక్కింది. రొట్టెల కొట్టామెకి షెడ్డు సంగతులన్నీ తెలుసు. "ఎవరమ్మా ఈసారి లావెక్కించింది?" అంది సంచీ విప్పుతూ.

"నేనే."

"ఆడదానివి, నీకైనా బుద్ధుంది. ఆ మగాళ్ళ చేతిలో పెడితే చక్రాలు కూడా బరువని పీకేస్తారు" అంటూ ఒక బన్ను ఎక్కువే వేసింది.

ఆ సాయంత్రం అందరూ తిన్నారు. గాట్స్ రెండు తిన్నాడు. రిక్స్ నల్లటి టీ తాగి వెళ్ళిపోయాడు. ఆయన వాటా బన్నుని ఈనిడ్ రేకు డబ్బాలో పెట్టి మూత వేసింది, పారెయ్యడానికి చేతులు రాక.

కొత్త చెవులు తయారయ్యాయి. తక్కెడలో పెట్టారు, గోడ మీద కొత్త అంకె రాశారు. గాట్స్ ఒక్కోదాని మీదా కుంచెతో చిన్న ఎర్ర చుక్క పెట్టాడు, ముట్టుకోవద్దని గుర్తుగా. రిక్స్ చూసి, "రంగుకి బరువుండదా?" అన్నాడు.

"ఉంటుంది గవర్నరూ. కోసిన వేలు కన్నా తక్కువే ఉంటుంది" అన్నాడు గాట్స్.

ట్రేసింగుకి పొమ్మన్న మాటని రిక్స్ వెనక్కి తీసుకోలేదు. బల్ల మాట కూడా ఎత్తలేదు. పందెం చూశాక తేలుతుందని ఈనిడ్‌కి తెలుసు. ఆ తొమ్మిది రోజులూ ఆమెకి సరిగా నిద్ర పట్టలేదు, బల్ల కోసం కొంత, హార్వీ మెడ కోసం కొంత.

పందెం పక్క జిల్లాలో, ఇలాంటిదే ఇంకో పాత విమాన స్థావరం మీద. పొద్దున వాన పడి ఆగింది. గడ్డి గట్టు మీద జనం, ఫ్లాస్కులు, గొడుగులు, తడిసిన కుక్కలు. చివరి మలుపు దగ్గర ఈనిడ్, గాట్స్ పక్కపక్కన నిలబడ్డారు. రిక్స్ ఎవరి పక్కనా నిలబడలేదు.

జెండా ఊపగానే పెద్ద ఇంజన్ల కార్లు ఉరుముకుంటూ ముందుకి పోయాయి. రెన్ ఇంజను వాటిలో సగం కూడా లేదు. సూటి దారిలో వెనకబడింది. "పాపం, బొమ్మ కారు" అన్నాడు గట్టు మీదెవరో. మొదటి మలుపు వచ్చింది. పెద్ద కార్లన్నీ ముక్కు నేలకి ఆనించి, బ్రేకులు కాలుతుంటే బరువంతా ఈడ్చుకుంటూ తిరుగుతుంటే, రెన్ వాటి సందులోంచి చీరలో సూది దూరినట్టు దూరి అవతల తేలింది. మళ్ళీ మలుపు, మళ్ళీ ఒకటి వెనక్కి. చూస్తుంటే ఈనిడ్‌కి ఒళ్ళు పులకరించింది. ఆ కారులో ఊరికే కూర్చున్న ముక్క ఒక్కటి లేదు. అన్నీ పని చేస్తున్నాయి, ఒకదాని కోసం ఒకటి. మనుషులు కూడా ఇలా ఉంటే ఎంత బావుండును అనిపించింది. బొమ్మ కారన్నవాడు ఇప్పుడు గొడుగు ఊపుతూ, "పద పిట్టా, పద!" అని అరుస్తున్నాడు.

ఇంకో మూడు చుట్లలో అయిపోతుందనగా రెన్ రెండో స్థానంలో ఉంది. ముందున్న ఎర్ర కారు చివరి మలుపులో ఇంజను పగిలి నూనె కక్కింది. హార్వీ తప్పించబోయాడు, టైర్లు జారాయి. రెన్ పక్కకి గిరికీలు కొడుతూ వచ్చి, పాత రన్‌వే కాంక్రీటు అంచుకి వెనక కుడి చక్రంతో గుద్దుకుంది. ఆ చప్పుడు ఈనిడ్ ఎముకల్లోకి దిగింది. కారు ఒక పక్కకి లేచి, గట్టు మీది జనం వైపుకి తిరిగింది. గాట్స్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎవరో పిల్లని చంకనేసుకుని పరిగెత్తారు.

చక్రం వాలిపోయింది. కానీ ఊడలేదు. ఊడనందుకే కారు మళ్ళీ నాలుగు కాళ్ళ మీద పడింది, హార్వీ తిప్పితే తిరిగింది, గట్టుకి గజం దూరంలో గడ్డి చీల్చుకుంటూ దారికెక్కింది. కుడి చక్రం తాగుబోతులా తూలుతుండగా మిగతా చుట్లు కూడా లాగించాడు. గెలిచాడని చెబితే మీకు సంతోషంగా ఉండేది గానీ, గెలవలేదు. నాలుగో స్థానం. కారు ఆపి దిగినవాడు ముందు నేరుగా ఈనిడ్ దగ్గరికొచ్చి, హెల్మెట్ తీసి, ఏదో హాస్యమాడబోయి, ఆడలేక, ఆమె రెండు చేతులూ పట్టుకుని నిలబడిపోయాడు.

మర్నాడు షెడ్డులో గాట్స్ వెనక భాగం విప్పాడు. చక్రం అప్పడంలా వంకరపోయింది. కడ్డీ విల్లులా వంగింది. చెవికి బోల్టు బెజ్జం కాస్త సాగింది, అంతే. కిరసనాయిలు పూసి సుద్ద రుద్దారు. సుద్ద పొడిగానే ఉండిపోయింది. ఎర్ర చుక్క చెక్కుచెదరలేదు.

రిక్స్ వచ్చి చెవిని తీసుకున్నాడు. తక్కెడలో పెట్టాడు. గోడ మీది అంకె చూసి రాళ్ళు వేశాడు. రెండు పళ్ళేలూ సమానంగా నిలబడ్డాయి. ఎవరూ ముట్టుకోలేదు, ఆయన కూడా. బల్ల ముందు కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ రోజు నా బన్ను ఏమైంది?" అన్నాడు.

ఎవరికీ అర్థం కాలేదు. ఈనిడ్ డబ్బా తీసి మూత విప్పింది. "ఉంది సార్. కానీ పది రోజులైంది, రాయిలా ఉంటుంది."

"ఇలా ఇవ్వండి."

ముందు లేచి టీ పెట్టాడు. రెండు కప్పుల్లో పోసి, ఒకటి స్వయంగా ఈనిడ్ చేతికిచ్చాడు, బరువు తగ్గించినవాళ్ళకిచ్చినట్టే. కూర్చుని బన్ను కొరికాడు. పన్ను దిగలేదు. గాట్స్ సుత్తి చూపిస్తే చూడనట్టు, టీలో ముంచాడు, నానబెట్టాడు, తిన్నాడు. షెడ్డంతా పని ఆపేసి చూస్తోంది. పన్నెండేళ్ళ పట్టుదలని ఆ మనిషి ఒక్కో ముక్కే ముంచుకుని నమిలి మింగాడు, అడుగున రాలిన ఎండుద్రాక్షతో సహా.

చేతులు దులుపుకుని, "మిస్ లార్వుడ్, రేపు పేపర్లో ఒక ప్రకటన వేయించండి" అన్నాడు.

"ఏమని సార్?"

"ట్రేసర్ కావలెను అని. మీ గీతలు దిద్దడానికి మనిషి కావాలి కదా."

ఈనిడ్ టీ తాగబోయింది. సగం సాసర్లో ఒలికింది. పదహారేళ్ళ నుంచి ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది. అందరి ముందూ, సిగ్గుపడకుండా ఏడ్చింది.